చీమలు పట్టని గోడ

గురువారం మధ్యాహ్నం పన్నెండుంబావుకు హోసూరులో బస్సు దిగాను. దిగేసరికే ఒళ్ళు మండిపోతోంది. కృష్ణగిరిలో పని ముగించుకొని పదిన్నరకల్లా బస్సెక్కాను. సూళగిరి దగ్గర ఒక పెద్ద లారీ రోడ్డుకు అడ్డం తిరిగి పడుకుంది. కృష్ణగిరి, సూళగిరి, హోసూరు, ఆపైన బెంగుళూరు, అంతా ఒకటే రోడ్డు. ఆ లారీని, దాని డ్రైవరును, వాడికి లైసెన్సు ఇచ్చినవాడిని కలిపి నేను తిట్టని తిట్టు లేదు. కిటికీ పక్కన కూర్చున్న పెద్దావిడ భయపడి వేరే సీటుకు వెళ్ళిపోయింది.

నా తొందర నాది. సాయంత్రం నాలుగున్నరకు సిద్దప్ప మేస్త్రిని మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. నిలబెట్టారంటే సేలం జైలుకు పంపుతారు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి ఆ జైల్లోంచి ఎప్పుడు బయటకు వస్తాడో, అసలు వస్తాడో రాడో చెప్పలేం. ఈ మాట వాళ్ళావిడ దొడ్డమ్మ పొద్దున ఆరింటికే, డెంకణికోట నుంచి మొదటి బస్సులో వచ్చి, నా ఆఫీసు తలుపు ముందు కూర్చొని చెప్పింది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే నేను ఇంకొకరి పేరు చెప్పి పంపేసేదాన్నేమో.

స్టేషన్లో ఇన్‌స్పెక్టర్ జయప్రకాశ్ నన్ను చూసి కుర్చీలో వెనక్కి వాలాడు. మేమిద్దరం ఒకే ఏడాది ఎస్సైలుగా చేరాం. పదకొండేళ్ళ తరువాత నేను ఉద్యోగం వదిలేసి, భువన డిటెక్టివ్ ఏజెన్సీ అని బోర్డు పెట్టుకున్నాను. ఆయన ఉండిపోయాడు. అప్పటినుంచి మా ఇద్దరికీ ఒకరినొకరు చూస్తే సగం గౌరవం, సగం కడుపుమంట.

"ఏమమ్మా భువనా, పెళ్ళికొడుకుల గుట్టు తెలుసుకునే పని తగ్గిపోయిందా? హత్యాయత్నం కేసులకు వచ్చినావే."

"మీరు పట్టుకున్నోళ్ళని విడిపించే పని ఎక్కువయ్యింది సార్," అన్నాను. "కేసేంది, ఒకసారి చెప్పు."

చెప్పాడు. గర్వంగా చెప్పాడు కాబట్టి ఏమీ దాచలేదు.

పాత టౌన్ హాల్లో పైన మిద్దె మరమ్మతు జరుగుతోంది. హాల్ కమిటీ కార్యదర్శి ఈశ్వరప్ప, డ్రాయింగ్ అయ్యవారుగా పనిచేసి రిటైరైన మనిషి, వయసు డెబ్బై ఒకటి, నిన్న బుధవారం ఒంటిగంటా యాభైకి లోపలికి పోయాడు. రెండూ ముప్పై అయిదుకు చెన్నైలో ఉన్న కూతురు సౌందర్యతో ఫోన్లో మాట్లాడుతూ, "ఉండమ్మా, ఎవరో వచ్చినట్టుండాది" అని పెట్టేశాడు. మూడూ అయిదుకు సిద్దప్ప అరుపులు వినిపించాయి. ఈశ్వరప్ప పై గ్యాలరీ నుంచి పద్దెనిమిది అడుగులు కింద రాళ్ళ నేల మీద పడి ఉన్నాడు. తలకు దెబ్బ. ప్రైవేటు ఆస్పత్రిలో స్పృహ లేకుండా ఉన్నాడు.

"ముందర తలుపు ఎదురుగా మంజులమ్మ పూలు కట్టుకుంటా కూచోనుండె. అయ్యవారు పోయినాక ఇంకెవరూ పోలేదని ఆమె వాంగ్మూలం ఇచ్చింది. లోపల ఉండింది సిద్దప్ప ఒక్కడే. సోమవారం ఇద్దరికీ పెద్ద గొడవ జరిగింది, అదీ ఆమే వినింది. అయ్యవారి ఫోన్ కనపడలేదు. ఇంకేం కావాల?"

"ఫోన్ సిద్దప్ప దగ్గర దొరికిందా?"

"లేదు. యాడనో దాచినాడు, లేకుంటే ఎవరికో ఇచ్చినాడు. సాయంత్రం అయిదూ యాభైకి కూతురు ఆ నంబరుకు చేస్తే మోగింది. ఎవరో కట్ చేసినారు."

"అయిదూ యాభైకి సిద్దప్ప యాడున్నాడు?"

"ఈడే. నాలుగున్నరకే పట్టుకొచ్చినాము." కుర్చీ ముందుకు లాక్కొని, "అందుకే తోడు ఎవరో ఉండారంటా ఉన్నాను," అన్నాడు.

లేని మనిషిని తోడు తెచ్చుకోవడం పోలీసులకు అలవాటు. నేనూ ఆ పని చేసినదాన్నే కాబట్టి నవ్వలేదు.

సిద్దప్ప వెనక గదిలో గోడకు ఆనుకొని కూర్చున్నాడు. సున్నం పట్టి పట్టి అరచేతులు బీటలు వారి ఉన్నాయి. గోరు చుట్టూ తెలుపు. నేను ఎదురుగా నేలమీదే కూర్చున్నాను. జయప్రకాశ్ గుమ్మంలో నిలబడ్డాడు.

"సిద్దప్పా, మీ ఇంటామె నన్ను పంపింది. సోమవారం అయ్యవారితో గొడవ దేనికి?"

"చీమలకమ్మా."

వెనకాల జయప్రకాశ్ గట్టిగా నవ్వాడు. "చూస్తివా? నిన్నటినుంచి ఇదే మాట."

"ఏ చీమలు?"

"గోడకు పట్టినవి. ఆ హాలు కట్టింది సిమెంటుతో కాదమ్మా, గారతో. దానికి గారే పూయాల. సున్నం పదైదు దినాలు నానబెట్టి, గానుగలో రుబ్బి, కరక్కాయ, బెల్లం నానేసిన నీళ్ళు పోసి కలపాల. పూసినాక పొద్దున, మాపున మళ్ళీ ఆ బెల్లం నీళ్ళే చల్లాల, తడిగోనెలు కట్టాల. బెల్లం ఉంటే చీమ రాకుండా ఉంటాదా? పది దినాలు వస్తాది. అయ్యవారి బొమ్మల కాగితాల్లోకి పోయినాయి. నువ్వు పనిచేస్తావా, చీమల్ని సాకుతావా, ఎముకలు విరగ్గొడతా అని తిట్టినాడు. మాపున మళ్ళా నాకు కాఫీ తెచ్చిచ్చినాడు."

"హాల్లో యాడ యాడ పనిచేసినావు?"

"కింద రెండు కిటికీల కమాన్లు, శుక్రవారం. శనివారం నుంచి మిద్దె. అంతే."

"గ్యాలరీలో?"

"గ్యాలరీ గోడ చానా బాగుండాది. దాన్నెందుకు ముట్టుకుంటాను?"

"నిన్న రెండున్నర నుంచి మూడు దాకా?"

"మిద్దె మీద గచ్చు కొడతా ఉన్నాను. చెక్కతో కొడతా ఉంటే మన చెవులు మనకే వినపడవు. దాహమైతే దిగినాను. చూస్తే..." అరచేతులు ఒకదానికొకటి రుద్దుకున్నాడు. "మంగళవారం కృష్ణగిరి పోయి వచ్చినాడమ్మా. చిన్నపిల్లోని మాదిరి సంతోషంగా ఉండె. రేపు నీకొకటి చూపిస్తాను సిద్దప్పా అనినాడు. బుధవారం పొద్దున నా చిన్న ఉలి ఎత్తుకొని పోయినాడు. ఏం చూపించాలనుకున్నాడో తెలీదు."

నాకు కొంచెం తెలుసు. అయ్యవారు పాత కాగితాలు చూడ్డానికి కృష్ణగిరి పోయాడని దొడ్డమ్మ పొద్దునే చెప్పింది, అందుకే నేనూ పోయి వచ్చాను. అక్కడి పాత రికార్డుల గదిలో 1912 నాటి హాల్ ప్లాను ఉంది. చూసినవాళ్ళ పుస్తకంలో మంగళవారం తేదీతో ఈశ్వరప్ప సంతకం ఉంది. ప్లానులో పై గ్యాలరీ మూడో కమాను కింద చిన్న చతురస్రం గీసి, పక్కన సన్నటి అక్షరాలతో 'దాన షరతుల శిల' అని రాశారు. ఆ కాగితం జిరాక్సు నా సంచిలో ఉంది. జయప్రకాశ్‌కు అప్పుడే చూపించలేదు. చూపిస్తే తానే కనిపెట్టినట్టు పేపరువాళ్ళకు చెప్పేస్తాడు.

ఒంటిగంటన్నరకు హాల్ దగ్గరకు పోయాను. తాళం తీయడానికి గోకుల్ వచ్చాడు. ఈశ్వరప్ప చెల్లెలి కొడుకు, సివిల్ ఇంజనీరు, కాంట్రాక్టరు. ముప్పై ఎనిమిదేళ్ళుంటాయి. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. రాత్రంతా ఆస్పత్రిలోనే ఉన్నానన్నాడు. నాకు మొదట జాలి కలిగింది. ఆ మాట దాచడం ఎందుకు?

తలుపు తీసి నా చేతికి ఒక పసుపుపచ్చ హెల్మెట్ ఇచ్చాడు.

"పెట్టుకోండి మేడం. ఎప్పుడు ఏది నెత్తిన పడతాదో తెలీదు. నేను కమిటీకి రిపోర్టు ఇచ్చి ఆరు నెలలయ్యింది, ఈ బిల్డింగు నిలవదు అని. మామ వినలేదు. మిద్దె రిపేరు చేయిస్తే చాలంటాడు."

"పడగొడితే ఏం కడతారు?"

"కాంప్లెక్సు. నలభై షాపులు, పైన ఏసీ హాలు. ఊరికే కదా మేలు." చిన్నగా నవ్వాడు. "ఆ ప్లానూ నేనే గీసినాను. అందుకే మామకు నా మీద కోపం. కోపమున్నా మామ మామే కదా."

హెల్మెట్ పెట్టుకొని లోపలికి పోయాను. రెండడుగుల మందం గోడలు. వరసగా కమాన్లు. తల పైన టేకు దూలాలు, వాటి మీద ఇటుకలు నిలువుగా పేర్చి, సున్నంతో అతికి, ఆ పైన గచ్చు కొట్టిన మిద్దె. అడిగితే గోకుల్ గడగడా చెప్పాడు. కట్టినప్పుడు ముప్పైమంది ఆడవాళ్ళు రెండు వరసల్లో కూర్చొని, పాట పాడుకుంటూ, పద్దెనిమిది రోజులు కొట్టారట. నీళ్ళు నిలబెట్టి చూస్తే ఒక్క చుక్క కిందికి దిగలేదట.

"ఇంత బాగా కట్టినదాన్ని నిలవదు అంటారేమి?"

"నూటపదేళ్ళ కిందటి మాట మేడం అది."

నేను దూలాలు చూశాను. ఒక్కటి కూడా వంగలేదు. ఆ ఆరు నెలల కిందటి రిపోర్టు ఎవరి కోసం రాశాడో అడగాలనిపించింది. అడగలేదు. గోకుల్ లాంటివాళ్ళు ప్రశ్నలకు సిద్ధంగా ఉంటారు, ఖాళీగా ఉన్నట్టు కనిపిస్తే తామే మాట్లాడతారు.

గ్యాలరీకి చెక్కమెట్లు. పైన కంటి ఎత్తు దాకా ఒక పక్క చెక్కజాలీ.

"ఇది ఆడవాళ్ళ గ్యాలరీ," అన్నాడు గోకుల్. "ఆ కాలంలో మీటింగులకు ఆడవాళ్ళు ముందర తలుపులో వచ్చేవాళ్ళు కాదు. వెనక సందులోంచి వేరే మెట్లు కట్టినారు. ఆ చిన్న తలుపు అదే. దాన్ని వాడి ఎన్నో ఏండ్లయింది."

తలుపు చూశాను. గడియకు దుమ్ము ఉంది. మడతబందులకు మాత్రం నూనె ఉంది. వేలితో తాకితే జిగురుగా అంటుకుంది. చీర కొంగుకు తుడుచుకున్నాను, గోకుల్ చూడలేదు. మంజులమ్మ పాపం ముందర తలుపు ఒక్కటే కాపలా కాసింది.

చెక్కజాలీ లేని చోట కమ్మీ నా నడుము దాకా ఉంది. ఈశ్వరప్పను ఊళ్ళో చాలాసార్లు చూశాను, నాకంటే రెండు అంగుళాలు పొట్టి. కమ్మీ చెక్కుచెదరలేదు. వంగి చూస్తూ తూలి పడే ఎత్తు కాదది. ఎవరో ఎత్తి పడేస్తేనే పడతారు.

మూడో కమాను దగ్గర తడిగోనె వేలాడుతోంది. తడి ఆరిపోయింది. ఎత్తి చూశాను. రెండడుగుల చదరంలో కొత్త పూత. తెల్లగా, నున్నగా ఉంది.

"ఇదెవరు చేసినారు గోకుల్?"

"సిద్దప్ప పనే మేడం. పోయిన శుక్రవారం. నేనే దగ్గరుండి చేయించినాను."

"కింద కిటికీల పని?"

"అదీ శుక్రవారమే. ఒకే దినం కలిపినాడు, ఒకే దినం పూసినాడు."

తల ఊపి కిందికి దిగాను. కిటికీ కమాను దగ్గర నిలబడి చీరకొంగు సర్దుకుంటున్నట్టు గోడ చూశాను. పూత మీద చీమలు. సన్నటి ఎర్రచీమలు, నేల నుంచి కమాను దాకా బారులు తీరి, ఒకదాన్ని ఒకటి దాటుకుంటూ పోతున్నాయి. బొటనవేలి గోరుతో నొక్కాను. గోరు గుర్తు పడింది. మళ్ళీ పైకి పోయి, కళ్ళజోడు మరిచిపోయానని చెప్పి, ఆ గోనె కింద చేయి పెట్టాను. గోరు విరిగింది. చీమ ఒక్కటి కూడా లేదు.

ఒకే రోజు, ఒకే మనిషి, ఒకే సున్నం. ఒకదానికి ఊరంతటి చీమలు పట్టాయి. రెండోదాని వైపు ఒక్క చీమ కూడా తిరిగి చూడలేదు.

అప్పుడే గోకుల్ ఫోన్ మోగింది. విన్నాడు. "అవునా," అన్నాడు. "నేనే వస్తా ఉన్నాను, ఎవరినీ లోపలికి పంపొద్దండి." నా వైపు తిరిగాడు. "మామ కండ్లు తెరిచినాడంట మేడం."

మామ కళ్ళు తెరిచాడని విన్న మేనల్లుడి ముఖం ఎలా ఉంటుందో నాకు తెలియదు. ఆ ముఖం మాత్రం నాకు నచ్చలేదు. తాళంచెవి నా చేతిలో పడేసి, పూలమ్మే ఆమెకు ఇచ్చి పొమ్మని చెప్పి, మెట్ల మీద రెండేసి మెట్లు దిగుతూ పోయాడు. అప్పుడు సమయం రెండు.

నేను ఆటోలో స్టేషన్‌కు పోయాను. జయప్రకాశ్ రిమాండు కాగితాల మీద సంతకాలు పెడుతున్నాడు. చెప్పినదంతా విని పెన్ను కింద పెట్టాడు.

"నన్ను మేజిస్ట్రేటు ముందు పోయి ఏం చెప్పమంటావు? అయ్యా, చీమలు సాక్ష్యం చెప్పినాయి అనా?"

"గోడ పగలగొట్టి చూడు అంటా ఉన్నాను."

"నూటపదేండ్ల బిల్డింగు. ఊరికే గోడ పగలగొడితే కమిటీవాళ్ళు నా మీద పడతారు. నువ్వు బోర్డు పెట్టుకొని కూచోనుండావు, నీకేం పోతాది?"

"నాకేం పోదు. సిద్దప్పకు పోతాది." నా గొంతు లేచింది. పక్క టేబుల్ కానిస్టేబుళ్ళు తల ఎత్తి చూశారు. "పదకొండేండ్లు నీతో పనిచేసినాను జయప్రకాశప్పా. నువ్వు చెడ్డోడివి కాదు. తొందరపడతావు, అంతే. సిద్దప్ప చెప్పింది వేరే, గోకుల్ చెప్పింది వేరే. ఇద్దర్లో ఒకడు అబద్ధం చెప్తా ఉండాడు. అది ఎవడో తెలుసుకోవడానికి నీకు ఇరవై నిమిషాలు లేవా?"

"గోకుల్ చదువుకున్నోడు. ఆయనెందుకు..."

"ఇంకొకటి అడుగుతాను, చెప్పు. నిన్న నాలుగున్నరకు సిద్దప్పను తీసుకొచ్చేటప్పుడు హాల్ తాళంచెవి ఎవరికిచ్చినావు?"

కాగితాల దొంతర సర్దాడు, సర్దినదాన్నే మళ్ళీ సర్దాడు. జిరాక్సు ప్లాను తీసి ఆయన ముందు పెట్టాను. మూడో కమాను చతురస్రం మీద వేలు పెట్టాను.

"అయ్యవారు మంగళవారం ఇది చూసినాడు. బుధవారం ఉలి తీసుకొని పోయినాడు. ఆ చోటే ఇప్పుడు కొత్త పూత ఉండాది. లోపల ఏమీ లేకపోతే నీ కేసు సరైందని నేనే రాసి సంతకం పెడతాను."

మూడూ అయిదుకు జీపు బయలుదేరింది. వెనక సీట్లో సిద్దప్ప, చేతులకు బేడీలు. దొడ్డమ్మ స్టేషన్ బెంచీ మీద నుంచి లేచి జీపు వైపు ఒక అడుగు వేసి ఆగిపోయింది.

గ్యాలరీలో గోనె తొలగించగానే సిద్దప్ప ముఖం మారింది. బేడీల చేతులతోనే పూతను తట్టాడు. చెవి ఆనించాడు. మళ్ళీ తట్టాడు.

"ఇది నేను చేసినానని ఎవరు చెప్పినారమ్మా?"

"గోకుల్ చెప్పినాడు. దగ్గరుండి చేయించినానన్నాడు."

"ఇది సిమెంటు. తెల్లసిమెంటు. పాతగోడ రంగు రావాలని కొంచెం మట్టి కలిపినారు." బేడీల చేతులు పూత మీద నుంచి లాగేసుకున్నాడు. "నిన్నటినుంచి అయ్యవారిని చంపబోయినానని అంటా ఉండారు. సరే, నా కర్మ అనుకుంటిని. ఈ పని నాదంటారా? సున్నం గోడకు సిమెంటు పూస్తే గోడ ఊపిరాడక చెడిపోతాది. మా నాయన బతికుండి చూస్తే నన్ను ఇంట్లోకి రానియ్యడు."

నేను జయప్రకాశ్ వైపు చూశాను. అతను నా వైపు చూడలేదు. జేబులోంచి తాళంచెవి తీసి బేడీలు విప్పాడు.

"నువ్వే తీయి సిద్దప్పా," అన్నాడు. "గోడ పాడుచేయొద్దు."

ఉలి, సుత్తి మిద్దె మీద నుంచి తెప్పించారు. సిద్దప్ప నాలుగు అంచులా గాడి పెట్టి, ఒక మూల ఉలి ఆనించి ఒక్క దెబ్బ వేశాడు. పూత అప్పడంలాగా ఒకే పెచ్చుగా ఊడివచ్చింది. సున్నం గోడను సిమెంటు పట్టుకోదని అప్పుడు చూశాను. గోకుల్ ఎన్ని సున్నం పనులకు లెక్కలు కట్టాడో తెలియదుగాని, ఒక్క పనికైనా చేతులు తడుపుకొని ఉంటే ఈ తప్పు చేసేవాడు కాదు.

లోపల ఒక గూడు. గూటిలో నల్లరాతి పలక. పలక ముందు ప్లాస్టిక్ సంచిలో చుట్టిన ఫోన్.

జయప్రకాశ్ చేతిరుమాలుతో దాన్ని ఎత్తాడు. చార్జి అయిపోయింది. వెనక అట్టకు అంటించిన చీటీ మీద అందమైన చేతిరాతతో 'బి. ఈశ్వరప్ప, డ్రాయింగ్ టీచర్' అని ఉంది.

రాతి మీద అక్షరాలు చాలావరకు చెక్కేసి ఉన్నాయి. కొత్తగా విరిగిన రాయి తెల్లగా మెరుస్తోంది. కింది రెండు వరసలు మాత్రం మిగిలాయి. చెక్కడానికి సమయం చాలలేదో, మధ్యలో ఎవరైనా వచ్చారో. నేను టార్చి పట్టుకుంటే జయప్రకాశ్ పైకి చదివాడు.

"...ఈ కట్టడము నిలిచియుండు వరకు ఈ స్థలము పురజనులది. పడగొట్టిన దినమున మా వంశమువారికే చేరును."

"పడగొడితే స్థలం దానమిచ్చినోళ్ళకే పోతాది," అన్నాను. "నలభై షాపులూ పోతాయి. అయ్యవారు ఈ రాయి కమిటీకి చూపించుంటే గోకుల్ ప్లాను చిత్తుకాగితమే. మిద్దె మీద సిద్దప్ప కొట్టే శబ్దంలో కింద ఉలి శబ్దం వినపడదని తెలిసి, వెనక మెట్ల మీద వచ్చి చెక్కినాడు. ఎవరో వచ్చినట్టుండాదని అయ్యవారు పైకి పోయి చూసినాడు. ఆయన్ని పడేసి, రాతి ఫొటో ఉంటాదేమోనని ఫోన్ లాక్కొని, గూటికి గోనె అడ్డం కట్టి పోయినాడు."

జయప్రకాశ్ ఫోన్ వైపే చూస్తున్నాడు. అతని మనసులో ఏం లెక్క నడుస్తోందో నాకు తెలుసు. అయిదూ యాభైకి ఈ ఫోన్ మోగింది, ఎవరో కట్ చేశారు. అంటే అప్పటికి ఇది గోడలోకి పోలేదు. సిద్దప్ప నాలుగున్నరకే లాకప్‌లో ఉన్నాడు. నాలుగున్నర తరువాత ఈ హాల్లోకి రాగలిగింది ఒక్కడే.

"తాళంచెవి నేనే ఇచ్చినాను," అన్నాడు మెల్లగా. "డైరీలో సంతకం కూడా పెట్టించుకున్నాను. జాగ్రత్తగా చూసుకోప్పా అని చెప్పి మరీ ఇచ్చినాను."

ఆ క్షణంలో అతన్ని చూస్తే నాకు గెలిచినట్టు అనిపించలేదు. జాలి వేసింది.

"అయ్యవారు కండ్లు తెరిచినాడు," అన్నాను. "రెండు గంటలకు గోకుల్‌కు ఫోన్ వచ్చింది. ఎవరినీ లోపలికి పంపొద్దని చెప్పి పోయినాడు." గోడ గొడవలో పడి ఈ మాట ముందే చెప్పనందుకు నన్ను నేను తిట్టుకున్నాను.

జయప్రకాశ్ వెంటనే ఆస్పత్రికి ఫోన్ చేశాడు. స్పీకర్ పెట్టాడు. రిసెప్షన్‌లో అమ్మాయి కాగితాలు తిరగేసి చెప్పింది. పేషెంటును బెంగుళూరు పెద్దాస్పత్రికి మారుస్తున్నామని మేనల్లుడు సంతకం పెట్టాడు. రెండూ నలభైకి అంబులెన్సు వెళ్ళిపోయింది. కూతురు రాత్రికి వస్తుందని చెప్పినా ఆగలేదు.

"డ్రైవర్ నంబరివ్వమ్మా."

మూడూ యాభైకి డ్రైవర్ ఫోన్ ఎత్తాడు. వెనకాల హారన్లు మోగుతున్నాయి.

"యాడున్నావప్పా?" అన్నాడు జయప్రకాశ్. గొంతు మామూలుగానే ఉంచాడు. ఆ పని అతనికి బాగా వచ్చు.

"సూళగిరిలో ఇరుక్కున్నాము సార్. పొద్దున పడిన లారీని ఇంకా తీయలేదు, రెండు పక్కలా జామ్."

సూళగిరి. బెంగుళూరు ఒక దిక్కు, సూళగిరి దానికి సరిగ్గా ఎదురు దిక్కు.

"బెంగుళూరు కదా పోవాల్సింది?"

"నేనూ అదే అడిగినాను సార్. కృష్ణగిరి దాటి ఎవరో తెలిసిన డాక్టరు ఉండాడు, ఆడికి పోనీ అనినాడు గోకుల్ సారు."

"నర్సు ఉందా లోపల?"

"బస్టాండు దగ్గరే దింపేసినాడు సార్, నేను చూసుకుంటాను పో అని. లోపల పెద్దాయన, ఆ సారు, ఇద్దరే."

సిద్దప్ప చేతిలో సుత్తి కింద పెట్టాడు. పొద్దున ఆ లారీని తిట్టినదాన్ని నేనే. ఇప్పుడు అది అక్కడినుంచి ఒక్క అంగుళం కూడా కదలకూడదని మనసులో మొక్కుకుంటున్నాను.

"బాగా విను," అన్నాడు జయప్రకాశ్. "బండి ఆఫ్ చేసి తాళంచెవి జేబులో వేసుకో. దిగి వెనక తలుపు తీయి. ఫోన్ పెట్టొద్దు."

బండి దిగిన చప్పుడు. నడిచిన చప్పుడు. హారన్లు. గడియ లాగిన చప్పుడు, మళ్ళీ ఒకసారి, ఇంకా గట్టిగా.

"సార్, లోపల గడియ వేసుకొని ఉండాడు. పిలిస్తే పలకడు."

"పెద్దాయన గొంతు వినపడతా ఉందా?"

"హోసూరు దాటేదాకా మూలుగుతా ఉండె సార్. చానాసేపు నుంచి ఏమీ వినపడలేదు."

"రాయి తీసుకో. అద్దం పగలగొట్టు," అని అరిచాడు జయప్రకాశ్. అరుస్తూనే మెట్ల వైపు పరిగెత్తాడు. వెనక నేను, నా వెనక సిద్దప్ప. సూళగిరికి ఇరవై అయిదు కిలోమీటర్లు. ముందర తలుపు దాటేలోపే ఫోన్లో అద్దం పగిలిన శబ్దం వినిపించింది. ఆ తరువాత డ్రైవర్ మాట రాలేదు, పెద్దాయన మూలుగు మాత్రం సన్నగా వినిపించింది.